ముట్టకుండా కుట్టిన పూలజడ

నా చిన్నప్పుడు జహీరాబాద్‌లో మా గల్లీకి పెళ్లి పని మీద వచ్చినవాళ్లు ఏదో ఒక దుకాణం మెట్టెక్కితే చాలు, మిగతావన్నీ వాళ్ల దగ్గరికే నడిచొచ్చేవి. శామియానాలు, వంటగిన్నెలు అద్దెకిచ్చే టెంట్ల కాకను అడిగినా, పూలు కట్టే మా అమ్మను అడిగినా, పక్కింట్లో సెహ్రాలు కట్టే ఖాలాను అడిగినా పెళ్లి మొత్తం ఒప్పుకునేవారు. సెహ్రా అంటే ముస్లింల పెళ్లిలో వరుడి ముఖం మీద వేలాడే పూలసరాలు; ఖాలా అంటే వాళ్ల మాటలో పిన్ని. తన దగ్గర వస్తువు లేకపోయినా "లేదు" అనడం మా గల్లీలో తప్పు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి చాయ్ తాగిస్తుండగా వెనక దారిన అది వచ్చేసేది. తుమ్మితే ఊడే ముక్కులాంటి వ్యాపారాలు మావి, విడివిడిగా నిలిచేవి కావు. నాకది తెలియక, మా పెద్దవాళ్లకు చాయ్ మీద మోజు కాబోలు అనుకునేదాన్ని.

ఒక ఎండాకాలం మా అమ్మ జ్వరంతో దవాఖానకు పోయి తిరిగి రాలేదు. ఆ మరునాడు పొద్దున మొగుడంపల్లిలో ఒక పెళ్లి. పెళ్లికూతురికి పూలజడ తానే కుడతానని అమ్మ మాటిచ్చి ఉంది. అందుకోసం తెప్పించి తడిగోనె కింద పెట్టిన మల్లెమొగ్గలు ఆమె పాడె మీదికే పోయాయి. నేను ఏడవలేదు. మాట్లాడనూ లేదు. మేనత్తలు భుజాలు పట్టి కుదిపారు, ఒక్కసారి ఏడ్వమని బతిమాలారు. నాకు దుఃఖమని కూడా అనిపించలేదు. చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కుతుంది కదా, ఒళ్లంతా అలాగే ఉంది.

మైలపడ్డ ఇంటి పూలు పెళ్లికి పనికిరావు. ఆ ఇంటివాళ్ల చేతులూ పనికిరావు. మొగుడంపల్లికి కబురు పంపి ఊరుకోవచ్చు. కానీ ఒకసారి పూలకోసం బీదర్ దారి పట్టినవాళ్లు మళ్లీ మా మెట్టెక్కరు. అప్పుడు మైల తీరాక మా నాన్న పూలు ఎవరికి అమ్మాలి? ఈ సంగతి గల్లీలో అందరికీ తెలుసు, గోడకు ఆనుకుని కూర్చున్న మా నాన్నకు తప్ప. టెంట్ల కాక స్కూటరు మీద మొగుడంపల్లి వెళ్లి ఆడపిల్ల తండ్రికి ఉన్నదున్నట్టు చెప్పాడు. వేరే పూలు తెప్పించి ఖాలా ఇంట్లో కట్టిస్తే అభ్యంతరమా అని అడిగాడు. ఆయన, సరేగానీ జడ మాత్రం ఆ తల్లి కుట్టినట్టే ఉండాలన్నాడు.

మధ్యాహ్నం ఖాలా తన అరుగు మీద చాప పరిచి, పూలబుట్ట ముందు పెట్టుకుని నన్ను పిలిచింది. పూలకు ఎడంగా కూర్చోమంది.

"సెహ్రా అయితే కండ్లు మూసుకొని కడ్త. మీ పూలజడ నాకు రాదు బేటా. మీ అమ్మ ఎట్ల కుట్టేదో జర చెప్పు."

నేను నా చేతులవైపు చూసుకున్నాను. ఆమె నా చూపు కనిపెట్టింది.

"మైల చేతికుంటది. మాటకుంటదా?"

అయినా నా నోరు పెగల్లేదు. ఆమె తడిగుడ్డ పట్టీ తీసుకుని, పెద్ద మొగ్గలను జడ కొసకు కుట్టడం మొదలుపెట్టింది. కాసేపు చూశాను. ఇంక చూడలేకపోయాను.

"అట్ల కాదు. పెద్దయి పైకి. కిందికి పోంగ పోంగ చిన్నయి."

అమ్మ పోయాక నేనన్న మొదటి మాట అదే. ఖాలా దారం తెంపి మళ్లీ మొదలుపెట్టింది. దారం గట్టిగా లాగితే మొగ్గ మెడ విరుగుతుందని చెప్పాను. కనకాంబరాలు నడిమధ్యనే రావాలని చెప్పాను. ఆమె తప్పు చేస్తూనే ఉంది, నేను దిద్దుతూనే ఉన్నాను. పొద్దు వాలేసరికి నా గొంతు బొంగురుపోయింది. ఆమె జడ ఎత్తి పట్టుకుంటే అది అచ్చంగా మా అమ్మ కుట్టినదే. అప్పుడూ ఏడుపు రాలేదు. చాలా రోజులకు, కూరలో ఉప్పెక్కువైందని నాన్న అన్నప్పుడు వచ్చింది.

ఆ పెళ్లివాళ్లు చిన్నకూతురి పెళ్లికి మళ్లీ వచ్చారు, సరాసరి మా మెట్టు మీదికే. జడ నేను కుట్టాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఒకరోజు ఖాలా కూతురు మాటల్లో ఒక సంగతి చెప్పింది. పెళ్లిళ్లు ముమ్మరమైనప్పుడు మా అమ్మ ఒప్పుకున్న జడల్లో సగం ఖాలా చేతివేనట. నేను నేర్పిందంతా ఆమెకు ముందే వచ్చు. పైగా తప్పులు కూడా ఎంత ఓపికగా చేసిందో!

ఇప్పుడు పెళ్లిళ్లన్నీ చిరాగ్‌పల్లి వైపు హైవే మీది హాళ్లలో. పూల ఆర్డర్లు మా కోడలి ఫోనుకే వస్తాయి. మా గల్లీలో మాత్రం "లేదు" అనే మాట ఇంకా పుట్టలేదు. పోయిన చలికాలం ఖాలా పోయింది. మూడు రోజులు వాళ్లు దుకాణం తెరవరు కనుక వాళ్లు ఒప్పుకున్న సెహ్రా పని మా ఇంటికి వచ్చింది. గులాబీలు, దారం పట్టుకుని నేను వాళ్లింటికే వెళ్లాను. ఖాలా కూతురు గోడకు ఆనుకుని పొడికళ్లతో కూర్చుని ఉంది. ఎవరు పలకరించినా పలకడం లేదట.

"అక్కా, సరం మొదట్ల ముడి ఎట్ల ఏస్తరు?" అని అడిగాను.

సెహ్రాలు కట్టీ కట్టీ నా వేళ్లు కాయలు కాచాయి. ఆమె ఆ వేళ్లవైపు చూసింది, తర్వాత నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

"జర లూజుగ ఎయ్యి," అంది. "కాడ ఇరుగుతది."

ఆమె చెప్పినట్టే వేశాను.