రాజుగారి జుట్టు, పేరమ్మ విసనకర్ర

పేరమ్మకు ఉన్నది ఒక్కటే జబ్బు. రాజు వేషం వేసే రోశయ్య నెత్తిన తాను అతికించిన జుట్టును ఒంటరిగా స్టేజీ ఎక్కనివ్వదు. జుట్టు ముందు నడుస్తుంది, తాటాకు విసనకర్ర పట్టుకుని వెనకాల ఈవిడ నడుస్తుంది. నాటకంలో ఆ సమయానికి అక్కడ ఒక ఆడమనిషి ఉండొచ్చా, కూడదా అన్న సంగతి ఆవిడకు అక్కర్లేదు.

పర్చూరులో ఎరువుల కొట్టు నడుపుకుంటూ, మిగిలిన పొద్దంతా నాటక సమాజం నడిపే శివనాగరాజుకు ఈవిడ జబ్బుతోనే సొంత జుట్టు సగం ఊడిపోయింది. సమాజానికి ఉన్నది ఒకే ఒక్క పెద్ద నాటకం. కొండవీటి పక్కన ఏదో చిన్న రాజ్యం, దాని రాజు శత్రువులకు చిక్కి చెరసాల పాలవుతాడు. రాసింది నాగరాజు, ఆడించేది నాగరాజు, ఆఖర్లో వచ్చే చెరసాల అధికారీ నాగరాజే. రాజు మాత్రం ఎప్పుడూ రోశయ్య. డెబ్బై దగ్గర పడ్డా ఆ గొంతులో పద్యం ఖంగున మోగుతుంది. ఆయన నున్నటి గుండు మీద భుజాల దాకా దిగే జుట్టు అతికించడం పేరమ్మ పని. అంతవరకే ఆవిడ పని. అసలు గొడవంతా అక్కడే.

నిండు కొలువులో రాజు వెనక దాసి వేషంలో ఈవిడ నిలబడి విసిరితే ఎవరూ కాదనరు. ఆ తర్వాత యుద్ధం వస్తుంది. కత్తులు తగులుకుంటుంటే నడిమధ్య పేరమ్మ విసురుతూ ఉంటుంది. మార్టూరులో శత్రురాజు ఎత్తిన కత్తి ఎత్తినట్టే పట్టుకుని, ఆవిడ పక్కకు జరిగాక గానీ దించలేకపోయాడు. ఆ తర్వాత అడవి. "ఈ కారడవిలో నాకు తోడెవ్వరూ లేరే" అని రాజు గుండెలు పగిలేలా రాగం తీస్తుంటే, ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, మరి వెనకాల ఆవిడెవరయ్యా అని అడిగాడు. ఇక చెరసాల. సంకెళ్లతో ఉన్న ఖైదీకి దాసి విసురుతుంటే అద్దంకి జనం ఊరుకుంటారా? అమ్మా, ఉక్కపోస్తోంది, ఇటు కూడా కాస్త విసురు అని కేకేశారు.

నాగరాజు తల పట్టుకుంటే పేరమ్మ దగ్గర ఎప్పుడూ ఒకటే మాట. "ఆ లైట్ల వేడికి జిగురు కరుగుద్ది నాగరాజూ. జుట్టు జారితే రాజ్యం జారినట్టే."

పోనీ అని ఆయన గుంటూరు నుంచి ఖరీదైన జిగురు తెప్పించాడు. ఆవిడ వాసన చూసి, చెప్పులు తెగితే పనికొస్తుందని దాచిపెట్టింది. గడ్డం కిందుగా ఎలాస్టిక్ పట్టీ కుట్టించాడు. రాజుకు పంటి నొప్పనుకుంటారు అని పీకేసింది. చివరికి తెర చాటున పెద్ద టేబుల్ ఫాను పెట్టించాడు. ఆ గాలికి మంత్రిగారి గడ్డం లేచి వెళ్లి హార్మోనియం మీద వాలింది. రాజు జుట్టు మటుకు చెక్కు చెదరలేదు, ఎందుకంటే పేరమ్మ ఫానుకు అడ్డంగా నిలబడి విసురుతోంది.

రాణి వేషం వేసే కోటేశ్వరికి ఇంకో మంట. ఒకసారి నిండు సభలో ఆమె సవరం ఊడి కింద పడితే పేరమ్మ కన్నెత్తి చూడలేదు. నాది మాత్రం జుట్టు కాదా పిన్నీ అని కోటేశ్వరి తగులుకుంది. రాణి జుట్టు ఊడితే శోకం అనుకుంటారులే అమ్మాయ్ అని పేరమ్మ తేల్చేసింది.

చిత్రమేమిటంటే ఇన్నేళ్లలో రోశయ్య జుట్టు ఒక్కసారి కూడా జారలేదు. ఎప్పుడూ జారని దానికి నీ కాపలా ఎందుకు పిన్నీ అని నాగరాజు అడిగాడు. నేనున్నాను కాబట్టే జారలేదు అంది. ఈ వాదానికి జవాబు చెప్పగల మొనగాడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంకా పుట్టలేదు.

నిరుడు నాటక పోటీల్లో న్యాయనిర్ణేతలు, చెరసాలలో ఖైదీకి దాసీ సేవలేమిటని ఎద్దేవా చేసి మొదటి బహుమతి వేరేవాళ్లకు ఇచ్చారు. నాగరాజుకు ఏడాదంతా అన్నం సహించలేదు. మిరప తోటకు మందు కొనడానికి వచ్చిన రైతులు కూడా, ఈసారైనా ఖైదీకి చెమట పోయనిస్తారా అని అడిగి మరీ వెళ్లేవాళ్లు. ఈ ఏడు చీరాలలో పోటీ. మొదటి బహుమతి రాకపోతే నాటకానికి దణ్ణం పెట్టి ఎరువులమ్ముకుంటానని ఆయన అందరి ముందూ ఒట్టేశాడు.

పోటీలో గంటే సమయం కాబట్టి కొలువు, చెరసాల, ఈ రెండే దృశ్యాలు. కొలువులో పేరమ్మ కడుపు నిండా విసిరింది. తెర పడగానే నాగరాజు ఆవిడ చేతిలో విసనకర్ర లాక్కుని, తన చెరసాల అధికారి నడికట్టులో దోపుకున్నాడు. దాసి వేషం కూడా తీయించి ఇంటి చీర కట్టించాడు. ఇక ఎలా ఎక్కుతుందో చూద్దామని పక్క తెర దగ్గర కాపలా నిలబడ్డాడు.

తెర లేచింది. లైట్లన్నీ ఒక్కసారిగా రోశయ్య మీద పడ్డాయి. సంకెళ్లు ఈడ్చుకుంటూ వచ్చినాయన ఉన్నట్టుండి ఆగిపోయాడు. మైకు ఎడమ పక్కనుంటే కుడి పక్కకు నడిచి, ఒక స్తంభానికి పద్యం వినిపించడం మొదలుపెట్టాడు. వెనక వరసల దాకా వినపడక జనం గొణుగుతున్నారు.

"విసనకర్ర ఇటియ్యి నాగరాజూ. జుట్టు జారుతోంది."

"జారితే జారనియ్యి పిన్నీ."

రోశయ్య తడుముకుంటూ స్టేజీ అంచు వైపు ఒక అడుగు వేశాడు. పేరమ్మ నాగరాజు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"జుట్టు కాదురా. ఆ లైట్లు మీద పడితే ఆయనకి అంతా తెల్లగా అయిపోద్ది, ఏం కనపడదు. మూడేళ్ల నుంచీ ఇంతే. విసనకర్రతో ఏ భుజం తడితే అటు తిరుగుతాడు, వీపు తడితే ముందుకు నడుస్తాడు. నీకు తెలిస్తే వేషం తీసేస్తావని ఆయన భయం. ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నాడు."

నాగరాజుకు మూడేళ్లుగా మార్టూరులో, అద్దంకిలో తాను పడిన సిగ్గంతా ఒక్కసారి గుర్తొచ్చింది. జనం నవ్వింది రోశయ్యను చూసి కాదు, ఈవిడను చూసి. ఆ నవ్వంతా ఈవిడే మోసింది.

ఇంటి చీరతో ఆవిడ ఎక్కడానికి లేదు. రోశయ్య ఇంకో అడుగు ఎత్తాడు. నాగరాజు నడుములోంచి విసనకర్ర పీకి స్టేజీ మీదికి ఉరికాడు. అక్కడ చెరసాల అధికారి మాట, "నోరు మూసుకో ఖైదీ" అని. రాసింది ఆయనే.

"ఉక్కగా ఉంది కదా మహారాజా" అన్నాడు.

అని కుంపటి రాజేసినట్టు విసరడం మొదలుపెట్టాడు. ఎడమ భుజం మీద ఒకటి తట్టాడు. అలవాటు లేని చెయ్యేమో, దెబ్బ కాస్త గట్టిగానే పడింది. రోశయ్య ఉలిక్కిపడి, మరుక్షణం అర్థం చేసుకుని ఎడమకు తిరిగాడు. వీపు మీద తడితే మైకు దాకా నడిచాడు. ఇక అందుకున్న పద్యానికి హాలు హాలంతా కదిలిపోయింది.

ఫలితాలు చెబుతూ న్యాయనిర్ణేత, శత్రువు కొలువులో బంటు ఓడిన రాజుకు విసరడం గొప్ప ఊహ అని మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, రెండో బహుమతి ఇచ్చాడు. మొదటిది అర మార్కులో పోయిందట. ఆఖరి దృశ్యంలో రాజుగారి జుట్టు ఒక చెవి మీదికి జారినందుకు.

తెర వెనక రోశయ్య తల వంచుకుని కూర్చున్నాడు. నాగరాజు వెళ్లి పక్కన కూలబడ్డాడు.

"బాబాయ్, ఈ మధ్య నాకు కళ్లు మసకేస్తున్నాయి. సోమవారం గుంటూరు కంటాసుపత్రికి తోడు రావాలి. పనిలో పని నువ్వూ చూపించుకుందువుగాని. రాజు వేషం ఎక్కడికీ పోదు."

రోశయ్య తల ఎత్తి, నీకు తోడంటే రాక తప్పుతుందా అన్నాడు.

పేరమ్మ ఈ మాటలేవీ విననట్టే ఆయన చెవి మీది జుట్టు సరిచేస్తోంది. చేసి, నాగరాజు వైపు తిరిగింది. ఆవిడ నోరు తెరవకముందే ఆయన రెండు చేతులూ జోడించాడు.

"తెలుసు పిన్నీ. జుట్టు జారితే రాజ్యం జారినట్టే. నా ఒట్టు గట్టున పెట్టి వచ్చే ఏడు మళ్లీ పోటీ చేద్దాం, నువ్వే విసురు."

"నేనే విసురుతా" అని విసనకర్ర లాక్కుంది పేరమ్మ. "ఈలోగా నేను దాచిన ఆ గుంటూరు జిగురు నువ్వు పట్టుకెళ్లు. నీ నెత్తి మీద మిగిలిన నాలుగూ ఊడిపోయేటట్టున్నాయి."