పడవ సంగతి

ఇన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది నన్ను కుంగదీసిందని చెబితే అదింకో అబద్ధం. విసిగించింది. ప్రార్థనకి మోకరిస్తే అదే, అన్నం ముందు కూర్చుంటే అదే. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

కొల్లేట్లో సర్కారువాళ్ళు చేపల చెరువుల గట్లు తెంపడానికి ముందు ఏడాది, ఏలూరు నుంచి ముగ్గురం జర్మనీలో ఒక చిన్న ఊరికి వెళ్ళాం. మా తాతలకి బాప్తిస్మం ఇచ్చిన మిషనరీ దొరది ఆ ఊరు. మా సంఘ పెద్ద బయల్దేరాడు. కొల్లేటికోట దగ్గర ఒక లంక నుంచి మార్తమ్మ వచ్చింది. ఇంటింటికీ తిరిగి బైబిలు చదివి వినిపించే ముసలావిడ. ఇంగ్లీషు మేష్టారిని కనక, ఆవిడ మాటలు అక్కడివాళ్ళకి చెప్పడానికి నేను. నన్ను వెంట తీసుకెళ్ళింది ఆ పెద్దే.

ఆ చర్చి వందల ఏళ్ళనాటి గోతిక్ కట్టడం. తలెత్తి చూస్తే మెడ పట్టేసేంత ఎత్తు, మొనదేలిన కిటికీలు, రంగు అద్దాలు. మార్తమ్మ గుమ్మంలో చెప్పులు విడిచేసి, ఆ చలిలో రాతినేల మీద వట్టికాళ్ళతో నడిచింది. కనిపించిన ప్రతి స్తంభాన్నీ తడిమింది. పరువు తీస్తోందని నాకు ఒళ్ళు మండింది. ఎవరి పరువు? అక్కడ ఒక్కరూ నవ్వలేదు.

ఆరాధన చివర అతిథులు రెండు మాటలు చెప్పాలన్నారు. వానాకాలంలో రోగుల్నీ పురిటివాళ్ళనీ ఒడ్డుకు చేర్చడానికి మార్తమ్మ లంకకి మోటారు పడవ పంపింది ఆ చర్చివాళ్ళే. ఆవిడ లేచి నిలబడింది.

"అయ్యా, మీరిచ్చిన పడవ మా లంకకి రాలేదండి. ఈ పెద్దాయన చెరువుల్లో చేపల మేత మోస్తోందండి. మీరో మాట చెప్పి ఇప్పించండి."

ముందు వరసలోంచి మా పెద్ద నావైపు చూశాడు. బెదిరించలేదు, చూశాడంతే. పడవ ఇచ్చినందుకు ఆవిడ మీకు వందనాలు చెబుతోంది, అది ఎందరి ప్రాణాలో కాపాడిందట అని నేను ఇంగ్లీషులో చెప్పాను. అక్కడి పాస్టరు దాన్ని జర్మన్‌లో చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారు. తన మొర విన్నారనుకుని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

భయపడ్డానా? భయం కన్నా చిరాకే ఎక్కువ. ఇంత చక్కటి చోటికి వచ్చి మన గొడవలు విప్పడమేమిటని. ఆ చిరాకు ఇప్పటికీ పోలేదు, కాకపోతే ఇప్పుడది నా మీదే.

తిరిగొచ్చాక పడవ వస్తుందని ఆవిడ లంకంతా చెప్పింది. ఎలా వస్తుంది? ఆ వానల్లోనే ఆవిడ మనవరాలికి నొప్పులొచ్చాయి. దోనెలో ఒడ్డుకు చేర్చేసరికి ఆలస్యమైపోయింది. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు.

తర్వాత ఆవిడ నన్ను వెతుక్కుంటూ బడికి వచ్చింది.

"విన్నారు కదండీ మేష్టారూ, చప్పట్లు కూడా కొట్టారు. వినీ ఊరుకున్నారంటే ఏవనుకోవాలండీ?"

అప్పుడైనా చెప్పొచ్చు. నోరు పెగల్లేదని కాదు, చక్కగా పెగిలింది.

"దొరలు అంతేనండీ మార్తమ్మగారూ," అన్నాను.

ఆవిడ వాళ్ళని తిట్టలేదు. పోయేదాకా రోజూ ఆ ఊరివాళ్ళ మనసు కరగాలని ప్రార్థించిందట. ఏ పాపమూ తెలియని వాళ్ళ కోసం. నాకోసం ఒక్కరోజూ ప్రార్థించి ఉండదు, ఆ అవసరం ఉందని ఆవిడకి తెలిస్తే కదా. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. జరిగింది ఇది. చెప్పాక ఊపిరి కొంచెం ఆడుతోంది.