నెత్తళ్ళ పెట్టెలో జపాను టీ

బస్తరు కొండల్లో ఇనప గనుల ఊరు కిరండూల్. అక్కడి స్టేషను బయట తాతమ్మ టీ బడ్డీకి బోర్డు లేదు. ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. పాలు పొంగే వాసనకే జనం వచ్చేవారు. రైలు పట్టాలు చూసే గ్యాంగ్‌మన్ పెళ్ళాంగా విజయనగరం పక్క పల్లె నుంచి ఇక్కడికి కాపరానికి వచ్చింది. మొగుడు పోయాక బడ్డీ పెట్టి, కొడుకు దేవరాజును గూడ్సు బండి అసిస్టెంటు డ్రైవరును చేసింది. నోరు మాత్రం పెద్దది. ఆమె టీకి వంక పెట్టినవాణ్ణి ఈ కొండల్లో ఎవరూ చూడలేదు. పెట్టినవాడు బతికి బట్టకట్టాడో లేదో అనుమానమే.

ఆ టీకి కొలతా లేదు, గడియారమూ లేదు. అంతా ముక్కే. అల్లం ఉడికిందో, ఆకు దిగిందో, పాలు అడుగంటబోతున్నాయో వాసనే చెప్పేది. రోజూ పొద్దున్నే మొదటి గ్లాసు తాను తాగి, తల ఊపాకే గిన్నె దించేది.

అలాంటి మనిషికి కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏడాది జ్వరం వచ్చింది. జ్వరమైతే పోయింది గానీ, పోతూ పోతూ ముక్కునూ నాలుకనూ పట్టుకుపోయింది. తాతమ్మ ఎవరికీ చెప్పలేదు. మొదటి గ్లాసు తాగడం, తల ఊపడం మానలేదు. నోట్లో వేడినీళ్ళు తిరిగినట్టుండేది, అంతే.

ఒకరోజు పాలు మాడాయి. ఆమెకు తెలియలేదు. టీకి వచ్చిన రైలు డ్రైవర్లు ఆమె మీద గౌరవంతో పల్లెత్తు మాట అనకుండా, గ్లాసులు సగం సగం వదిలేసి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే రెండింతలు తిట్టి పంపేదే. మర్యాదగా వదిలేసిన టీకి ఏమని జవాబు చెబుతుంది? బెంచీ మీది సగం గ్లాసులు చూసి ఏడ్చింది పాపం.

బడ్డీలో గ్లాసులు కడిగే సోమి తెలంగాణ సరిహద్దున కోంట వైపు మనిషి. ఆమె అప్పుడు పట్టేసింది.

"ఏంది అక్కా, నీకు వాసన తెలుస్తలేదా?"

"నోర్ముయ్యే," అంది తాతమ్మ. ఆ వెంటనే తనే గొంతు తగ్గించింది. "నేదే సోమీ. ఏటీ తెలవట్నేదు. ఈ ఆదివారంతో బడ్డీ కట్టేస్తాను. మాడిన టీ పోసి డబ్బులడగడానికి నాకు మొకం నేదు."

ఆ తర్వాత వాసన చూసుకోవడమే మానేసింది. లేదని మళ్ళీ మళ్ళీ తెలుసుకోవడం ఎవరికి బాగుంటుంది?

ఆదివారం సాయంత్రం విశాఖ పాసింజరులోంచి దేవరాజు థర్మాకోల్ పెట్టె నెత్తిన పెట్టుకుని దిగాడు. సెలవు మీద వెళ్ళి సముద్రపు నెత్తళ్ళ చేపలు తెచ్చాడు. బడ్డీ దగ్గర డ్రైవర్లు చూస్తుండగా అందులోంచి కప్పులు తీశాడు.

"జపానోళ్ళ ఐస్‌క్రీమమ్మా. పాలటీ రుచి."

"టీని గడ్డకట్టించడమేట్రా? ఆళ్ళకి పొయ్యి నేదేటి?"

"ఇన్నేళ్ళుగా మన కొండని తవ్వి ఇనప రాయిని రైళ్ళకెత్తి ఆళ్ళకి పంపుతున్నాం. ఆళ్ళ టీ ఓ చెంచాడు తింటే మన సొమ్మేటి పోద్ది?"

డ్రైవర్లు నవ్వారు. సోమి చెంచా నోట్లో పెట్టుకుని, "మస్తుగుందక్కా," అంది. ఇక అందరూ తాతమ్మ వైపు తిరిగారు. టీ గురించి తీర్పు చెప్పవలసింది ఆమే మరి. మళ్ళీ అబద్ధంగా తల ఊపాలా? కప్పును మూతి దాకా తెచ్చింది. ముఖం చిట్లించింది.

"ఒరే ఎదవా! ఇది నెత్తళ్ళ కంపురా!"

దేవరాజు నాలుక కరుచుకున్నాడు. కరిగిపోకూడదని కప్పుల్ని చేపల ఐసులోనే ఉప్పు చల్లి కూరాడు. "మూత గట్టిదేనమ్మా, బయటే కొంచెం..."

"కొంచెమేట్రా! భీమిలి ఒడ్డు మొత్తం..." తాతమ్మ ఆగిపోయింది. సోమి చేతిలో చెంచా కూడా ఆగింది.

"అక్కా. నీకు కంపు తెలిసింది."

తాతమ్మ కప్పును మళ్ళీ వాసన చూసింది. కంపే. నికార్సైన నెత్తళ్ళ కంపు. ఇంత ఆనందం ఇచ్చిన కంపును ఆమె జన్మలో ఎరగదు. కప్పును కొంగుతో తుడిచి ఒక చెంచా తింది. ముందు చల్లదనం, తర్వాత తీపి, పాలు, చివర్న ఎక్కడో సన్నగా ఆకు చేదు.

"ఆకు ఎక్కువ మరిగించేసినారు," అంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "పాలు మంచియ్యే. అల్లం నేదు. జపానోళ్ళకి అల్లం దొరకదేటి?"

అలా తిడుతూనే కప్పు ఖాళీ చేసి, పొయ్యి వెలిగించింది. డ్రైవర్లు కూర్చున్నారు. మొదటి గ్లాసు తాగి, ఈసారి తల అడ్డంగా ఊపింది. "ఇంకో పొంగు రానీ," అంది. వచ్చింది. అప్పుడు గిన్నె దించింది.

బండి కూత విని డ్రైవర్లు లేచి వెళ్ళాక సోమి బెంచీ మీది గ్లాసులు తెచ్చింది. అన్నీ ఖాళీ గ్లాసులే.