గోరంత తోలు

కొట్లాటంటే మాల్యాద్రి ముందుండేవాడు. పరాయి బోట్లు ఒడ్డుదాకా వచ్చి వలలు తెంచుకుపోతే, మైపాడు పక్కనున్న వాళ్ల పల్లె నుంచి తెడ్డు పుచ్చుకుని మొదట పడవెక్కేది అతనే. ఒకరోజు అలాంటి కొట్లాటలో ఒకడి దవడ పగలగొట్టి ఇటు తిరిగేసరికి, ఎదుటి బోటులోని పెంచలయ్య అనేవాడు వెలిగించిన పెట్రోలు సీసా మొహాన విసిరాడు. మాల్యాద్రి మంటతోనే సముద్రంలోకి దూకాడు. ఉప్పునీళ్లు తగిలాక వినబడిన కేక తనదేనని అతనికి తెలియలేదు.

చెన్నై ఆసుపత్రిలో కాలిన తోలు గీకేటప్పుడు అతన్ని నలుగురు అదిమిపట్టాల్సి వచ్చేది. అక్కడ పరిశోధన చేసే డాక్టర్ జయశీల ఒకనాడు అడిగింది.

"చెవి వెనక గోరంత తోలు ఇస్తారా? అందులోని కణాలను మూలకణాలుగా మార్చి ల్యాబులో పెంచితే చిన్న చిన్న చర్మపు బంతులవుతాయి. వెంట్రుకలు కూడా మొలుస్తాయి."

"అది నా మొహానికి అతికిస్తారా?"

"ఇప్పుడే కాదండీ. ముందు మేం నేర్చుకోవాలి. మీదాకా రాకపోవచ్చు."

"ఉన్న తోలంతా పోయె, మిగిలింది కూడా మీకియ్యాల్నా?" చేతికందిన స్టీలు గ్లాసు విసిరాడు. ఆమె నుదురు చిట్లి రక్తం కారింది.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకు, ఇంజను చెడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పెంచలయ్య పల్లెవాళ్లకు దొరికాడు. చితకబాది కొయ్యకు కట్టేశారు. బావమరిది కిషోర్ పెట్రోలు డబ్బా తెచ్చి మాల్యాద్రి ముందు పెట్టాడు.

"నీ చేత్తోనే కాల్చు బావా."

మాల్యాద్రి తెడ్డెత్తి మూతి మీద కొట్టాడు. పళ్లు రాలాయి. మళ్లీ ఎత్తాడు. పెంచలయ్య ఒంటిమీద అప్పటికే ఎవరో పోసిన పెట్రోలు వాసన. ఆ వాసనకు మాల్యాద్రి అక్కడే కక్కుకున్నాడు. లేచి డబ్బాను కాలితో తన్నాడు.

"కాల్చబాకండి. ఆ గీకుడు పగోడికి కూడా వద్దు. పోలీసులకియ్యండి."

"పిరికోడివైపోయినావు బావా!" అన్నాడు కిషోర్. మాల్యాద్రి వాడినీ కొట్టాడు.

తరువాత చెన్నై వెళ్లినప్పుడు జయశీల అడక్కుండానే చెవి వెనక తోలు తీసుకోమని చూపించాడు. ఆమె నుదుటి మీది మచ్చ వైపు మాత్రం చూడలేకపోయాడు.

నెలల తరువాత ఆమె అతన్ని ల్యాబుకు పిలిచి మైక్రోస్కోపులో చూపించింది. అతని తోలు నుంచి పెరిగిన తెల్లటి బంతి, దాన్నుంచి సన్నగా నల్లటి వెంట్రుకలు. మాల్యాద్రి చాలాసేపు కన్ను తీయలేదు.

"ఇది కాలితే దీనికి తెలుస్తాదా అమ్మా?"

"లేదండీ, దానికేమీ తెలియదు."

"అదృష్టం," అన్నాడు మాల్యాద్రి.