ఇనుప నిచ్చెన చేసిన పని

ఆ రాళ్ళ ప్రయోగశాలలో ఆమెను అందరూ తుమ్మొద్దమ్మ అనేవారు. తన గదిలో ఎవరినీ తుమ్మనిచ్చేది కాదు మరి! పెళ్ళికి ముందు నుంచీ ఆమె పని ఒకటే. పాతరాతి పొడిలోంచి నల్లటి ఇనుప ఖనిజం రేణువులు ఏరడం, యాసిడ్‌లో కరిగించడం, అందులోంచి ఇనుమొక్కదాన్నే వేరుచేసి యంత్రానికి అందించడం. ఇనుములో బరువైన పరమాణువులూ, తేలికైనవీ ఉంటాయి. ఏవి ఏ పాళ్ళలో ఉన్నాయో తేలితే, ఆ రాయి పుట్టినప్పటి సముద్రంలో ఇనుము ఎలా అడుక్కి చేరిందో ఊహించవచ్చు. బయటి ఇనుము రవ్వంత కలిసినా శ్రమంతా నీళ్ళపాలే. అందుకే ఆ గదిలో బల్లలూ గిన్నెలే కాదు, మరలు కూడా ప్లాస్టిక్‌వే.

ఆ ఏడాది వచ్చిన రాయి ఏ కొండదో ఆ కొండే ఇప్పుడు లేదు. కంకర కోసం పిండి చేసేశారు. మిగిలింది గుప్పెడు ముక్క. అందులో పనికొచ్చే రేణువులు చిటికెడు. వాటన్నిటినీ కరిగించి, గిన్నెలకు మూతలు పెట్టి, భోజనానికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల డైరెక్టరు, బూట్లతో అతిథులు. ఫోటో బాగా రావాలని మూతలు తీయించాడట. ఫోటోగ్రాఫరు తుప్పుపట్టిన ఇనుప నిచ్చెనెక్కి సరిగ్గా గిన్నెల మీదికి వంగాడు. నిచ్చెన తుప్పు పొడిపొడిగా వాటిలోకి రాలుతోంది.

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి.

"దిగవయ్యా! ముందు దిగు!"

"ఏంటమ్మా ఈ గోల?" అన్నాడు డైరెక్టరు. "కాస్త దుమ్ముకే ఇంత రాద్ధాంతమా? సదస్సుకి అంకెలొస్తే చాలు."

"ఎందుకు రావండీ? మీ నిచ్చెన అంకెలొస్తాయి. అవే కొండ అంకెలని సదస్సులో చదువుకోండి!"

"రేపటికి కొలిచి ఇవ్వాలి. అంతే."

ఆమె ఒక్కో గిన్నే తీసి, అతని కళ్ళెదుటే వాడేసిన యాసిడ్ డబ్బాలో ఒంపేసింది.

ఇంటికొస్తే మొగుడు, "పోనీలేవే, రాయేగా" అన్నాడు.

"రాయేగా అనుకునే కొండంతా మింగేశారు! మీరూ అదే మాటా?"

ఆయన పేపరు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమెను స్టోరు గదికి మార్చారు. విరిగిన కుర్చీల మధ్య పళ్ళు నూరుకుంటూ కూర్చుంది. డైరెక్టరు రిటైరయ్యాక వచ్చిన కొత్తావిడ కబురు పెట్టింది.

"మీ గదికి వచ్చెయ్యండి."

"తాళం నా దగ్గరే ఉంటుంది. ఒప్పుకుంటే వస్తా."

"ఉంచుకోండమ్మా."

కొత్త రాళ్ళు వచ్చాయి, పని బాగానే సాగింది. ఆ కొండ ఊసెత్తితే మాత్రం ఇప్పటికీ ఆమె ముఖం కందగడ్డవుతుంది. ఎవరూ ఎత్తరు.