ముందుకాలి వెనక

గురి విషయంలో నాకు కాస్త పొగరుండేది. రాయచోటి దగ్గర మా వేరుశనగ చేలల్లో అడవిపందులు పడుతుంటే, మా మేనమామ నాకు విల్లు పట్టడం నేర్పించాడు.

"ముందుకాలు ముందుకేసేదాకా కాసుకోరా. దాని ఎనకాల, బెత్తెడు పైన కొట్టల్ల. పందైనా జింకైనా చోటొకటే. కడుపుకు తగిలిందా, పొద్దుగూకేదాకా ఎతుక్కుంటా తిరగల్ల," అనేవాడు.

ఆ మాట నా కళ్లలో పాతుకుపోయింది. నాలుగు కాళ్ల జంతువు ఏది కనబడినా నా చూపు ముందు అక్కడికే పోయేది.

మస్కట్ వచ్చాక అల్ హైల్ అవతల ఒక అర్బాబ్ తోటలో పని దొరికింది. ఇక్కడ యజమానిని అర్బాబ్ అంటారు. ఆయన ప్రభుత్వ అనుమతితో పెంచుకునే జింకలకు మేత వేయడం నా డ్యూటీ. పోయిన వేసవిలో చూలుతో ఉన్న జింక ఒకటి కంచెలో మెడ ఇరికించుకుంది. గింజుకుని బయటపడింది గానీ, తెగిన తీగ మెడకు బిగుసుకుపోయింది. ఊపిరి తీసిన ప్రతిసారీ గరగరమని చప్పుడు.

పశువుల డాక్టరమ్మది గుంటూరు వైపు. మత్తు సూది వేసి తీగ కత్తిరించాలన్నారు. కానీ ఆవిడ లోపలికి అడుగుపెడితే చాలు, జింక పరుగు లంకించుకునేది. ఎండ ముదురుతోంది. ఇంకోసారి పరిగెత్తితే చచ్చిపోతుందేమోనని ఆవిడ భయం. నన్నయితే దగ్గరికి రానిస్తుంది. అందుకని సూదిని ఊది కొట్టే పొడవాటి గొట్టం నా చేతికిచ్చారు. బయట ఒక అట్టపెట్టె మీద రెండుసార్లు ఊది చూపించాను. రెండూ గీసిన గుర్తు మీదే దిగాయి.

"వెనక తొడకేనండీ, కండ ఉన్నచోట. పొరపాటున కూడా ముందుకి వెళ్లకూడదు. చిన్న ప్రాణం, సూది ఊపిరితిత్తుల్లోకి దిగిపోద్ది," అన్నారావిడ.

"తెలుసు మేడమ్," అన్నాను. నిజంగానే తెలుసు.

ఎడమచేత్తో గడ్డి పట్టుకుని మెల్లగా వెళ్లాను. నాలుగైదు అడుగుల దూరంలో ఆగాను. చెమట కళ్లలోకి కారుతోంది, తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. నాకు అడ్డంగా నిలబడున్న జింక తల తిప్పి నన్ను చూసి, మేత వేయడానికేమో అనుకుని, ముందుకాలు ఒకటి ముందుకేసి ఆగింది.

తొడ అన్న మాటే నాకు గుర్తులేదు. ఊదేశాను.

సూది ముందుకాలి వెనక, సరిగ్గా బెత్తెడు పైన దిగింది. జింక రెండడుగులు వేసి కూలబడింది. మేడమ్ పరిగెత్తుకొచ్చి సూది లాగారు, తీగ కత్తిరించారు, ఛాతీ మీద అరచేతులు పెట్టి నొక్కుతూనే ఉన్నారు. కాసేపటికి చేతులు తీసేశారు. తల్లీ పోయింది, కడుపులో పిల్లా పోయింది.

అర్బాబ్ వచ్చి ఏమైందని హిందీలో అడిగాడు.

"హిల్ గయా, అర్బాబ్," అన్నాను. ఊదే సమయానికి కదిలిపోయిందని.

మేడమ్ నా మొహంలోకి చూశారు. తర్వాత ఆయన వైపు తిరిగి, అవును, కదిలింది అని ఆవిడా చెప్పారు. నా ఉద్యోగం నిలిచింది.

అది కదల్లేదు. వచ్చింది నేనే కదా అని, తొడ నా ఎదురుగా పెట్టుకుని, అలాగే నిలబడింది.