క్రాంజీ చెక్కతుక్కు, ఉచితం

శనివారం పొద్దున్న ఏడున్నరకి బెడోక్ స్టేషన్లో రైలెక్కాం, నేనూ పద్మా. మా చేతుల్లో ఆరు ఖాళీ బియ్యం సంచులు, రెండు మంచినీళ్ళ సీసాలు, ఒక గొడుగు. సింగపూర్ చూడ్డానికి వచ్చేవాళ్ళు క్రాంజీ వైపు సాధారణంగా వెళ్ళరు. వెళ్ళినా గుర్రప్పందాలకు వెళ్తారు. మేం వెళ్ళింది చెక్కతుక్కు కోసం.

ఎందుకో చెప్తాను. మా బ్లాకుల మధ్య చిన్న తోట ఉంది, అందులో వంతు వచ్చిన ఇంటికి ఒక్కో మడి. నాకూ ఒకటి ఇచ్చారు. ఈ దేశం వచ్చి ఎనిమిదేళ్ళైంది, నా పేరున ఉన్నది ఏదైనా ఉంటే ఆ మడి ఒక్కటే. అద్దె ఫ్లాటు మా ఆయన పేరున ఉంది, బ్యాంకు ఖాతా కూడా ఆయనదే. నేను ఆయన మీద ఆధారపడి బతుకుతున్నానని నా గుర్తింపు కార్డు మీదే అచ్చువేసి ఇచ్చారు. కాకినాడలో చదివిన బోటనీ డిగ్రీ పెట్టె అడుగున ఉంది. అది ఇక్కడ పనికొచ్చింది ఆ మడిలో వంగ, గోంగూర, కరివేపాకు పెంచడానికే.

ఈ మధ్య వానలకు మడుల్లో మట్టంతా నడిచే దారి మీదకి కొట్టుకొస్తోంది. తోట పెద్ద టాన్ అంకుల్, రిటైరైన బస్ ఇన్స్పెక్టరు, మీటింగు పెట్టి తేల్చేశాడు. ఆదివారం తోటల పోటీ జడ్జీలు వస్తారు. ఆ లోపల ప్రతి మడి మీదా వుడ్‌చిప్ పరచాలి. పరచని మడి వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకి పోతుంది. చెట్లు కొట్టేవాళ్ళు కొమ్మల్ని మిషన్లో వేసి బొటనవేలంత ముక్కలు చేస్తారు, వుడ్‌చిప్ అంటే అదే. నేను దాన్ని చెక్కతుక్కనే అంటాను. షాపులో ఆ తుక్కు బాస్మతి బియ్యం ధర పలుకుతోంది. చెట్ల కంపెనీల వాళ్ళు అది ఎక్కడ పారబోయాలో తెలీక తల పట్టుకుంటారని, వెళ్ళి అడిగితే లారీడు ఊరికే ఇస్తారని మీటింగులో నేనే అన్నాను. అయితే మీరే వెళ్ళండన్నారు. నేను ఎక్కడికెళ్ళినా గొడవ పెట్టుకుంటానని టాన్ అంకుల్‌కి భయం. అందుకని మెత్తగా మాట్లాడుతుందని పద్మని కూడా పంపాడు. పద్మది వరంగల్, చాంగీ బిజినెస్ పార్కులో ఏదో బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేస్తుంది. పెళ్ళై మూడేళ్ళు. తోటలో ఆమె మడి నా పక్కదే.

బెడోక్ నుంచి జురాంగ్ ఈస్ట్ దాకా ఆకుపచ్చ లైను, అక్కడ దిగి ఎర్ర లైను పట్టుకోవాలి. రైలు కార్డులో ముందే డబ్బులు వేసుకోండి, మిషను దగ్గర క్యూ పెద్దది. ఎదురు సీట్లో ముగ్గురు మనవాళ్ళు, మెడలో ఆఫీసు బిళ్ళలు శనివారం కూడా తీయలేదు, ఎవరికి జీతంలో ఎంత హైకు వచ్చిందో లెక్కలేసుకుంటున్నారు. ఒకడు మా సంచులు చూసి "బియ్యానికి అంత దూరమా ఆంటీ?" అన్నాడు. విషయం చెప్పాను. ఫోన్ చేస్తే ఇంటికే తెచ్చిస్తారుగా అన్నాడు. ఎవరికి చెయ్యాలో నువ్వు చెప్పు నాయనా అన్నాను. మళ్ళీ హైకుల్లోకి వెళ్ళిపోయాడు.

తొమ్మిదింటికి క్రాంజీలో దిగాం. స్టేషన్ బయట హోటల్లో తలా రెండు పరోటాలు, ఒక టీ. బాగున్నాయి, చవక. అక్కణ్ణుంచి సుంగే కదుట్ వైపు బస్సు. దారి పొడుగునా కోత మిల్లులు, ఫర్నిచర్ షెడ్లు, గాలి నిండా రంపపు పొట్టు వాసన. నాలుగో స్టాపులో దిగి ఎడమకి నడవాలి, నీడ లేదు. కంపెనీ గేటు పక్కన రెండు కొబ్బరి చెట్లున్నాయి. వాటి మట్టలు కత్తెర పెట్టి కోసినట్టు ఏటవాలుగా తెగి ఉన్నాయి. ఆగి చూశాను. మాది అమలాపురం పక్క, అలాంటి మట్ట నాకు తెలుసు.

లోపల మిస్ లిమ్ అనే సూపర్‌వైజర్ ఉంది. నల్ల కళ్ళజోడు, చేతిలో వాకీటాకీ, మాటకి ముందే నవ్వు. వ్యాపారం దాచకుండానే చెప్పింది. ఒకప్పుడు ఈ తుక్కు వాళ్ళకి దండగ. చెత్త కాల్చే చోటికి పట్టుకెళ్ళి, బరువు లెక్కన ఎదురు డబ్బిచ్చి పారబోసేవాళ్ళు. లేకపోతే పూలతోటల వాళ్ళని బతిమాలి అంటగట్టేవాళ్ళు. ఇప్పుడు ఒక ఫ్యాక్టరీ బాయిలరు కొంటోంది. దానికి ఆకు లేని, ఎండిన మాను ముక్కలే కావాలి. అది పెద్ద కుప్ప, టార్పాలిన్ కప్పి కన్నబిడ్డలా చూసుకుంటున్నారు. ఆకులు కలిసినది ఎరువు చేసేవాళ్ళకి పోతుంది, అది రెండోది. కొబ్బరి, తాటి మట్టలు మిషను పళ్ళకి చుట్టుకుంటాయి కాబట్టి వాటిని మిషన్లోనే వెయ్యరు.

మూడో కుప్ప గోడవార ఉంది. నెలల తరబడి వానకి నాని నల్లబడింది. దాని ముందు ఒక బ్యానరు, తోటలకు మా కానుక అని ఇంగ్లీషులో.

"ఫ్రీ. లారీ కూడా మాదే, ఇవాళే పంపిస్తాం. ఒక సంతకం, ఒక ఫోటో, అంతే," అంది.

పద్మ ముఖం వెలిగిపోయింది. నేను ఒక పుల్ల విరిచి కుప్పలో పొడిచాను, తర్వాత మోచేతి దాకా చెయ్యి పెట్టాను. లోపల వేడి, ఆవిరి. పిడికిలి బయటికి తీస్తే అందులో మూడు పురుగులు, బొటనవేలంత లావు, తెల్లగా, ముడుచుకుని, గోధుమరంగు తలకాయలతో. కొమ్ము పురుగు పిల్లలు. మా నాన్న కొబ్బరితోటలో పెంటపోగు తిరగేసినప్పుడల్లా వీటిని కాళ్ళకింద నలిపేవాళ్ళం. రెక్కలొచ్చాక ఎగిరి వెళ్ళి కొబ్బరి మొవ్వ, అంటే నడినెత్తి లేత చిగురు, తొలుస్తాయి; గేటు దగ్గర మట్టలు అలా తెగింది అందుకే. మొవ్వ పోతే చెట్టు పోయినట్టే. మా తోట అంచున మూడు కొబ్బరి చెట్లున్నాయి, ఎవరో పాతకాలపు ఇళ్ళవాళ్ళు నాటినవి.

మిస్ లిమ్‌కి చూపించాను. ఆమె కళ్ళజోడు కూడా తియ్యలేదు.

"ఆంటీ, చెట్టన్నాక పురుగుంటుంది. ఫ్రీ లా," అంది, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర ఆ లా తగిలించి.

పెద్ద కుప్పలోంచి ఆరు సంచులివ్వమన్నాను. అది బాయిలరు లెక్కట. కొంటానన్నాను. లారీకి తక్కువ అమ్మరట. పోనీ ఈ కుప్పనే జల్లెడ పట్టించి ఇవ్వమన్నాను. నా గొంతు పెరిగింది, ఒప్పుకుంటాను. అమ్ముకునేది ఎండబెట్టి అమ్ముకుని, అమ్ముడుపోనిదానికి దానం అని పేరెట్టి జనం తోటల్లో పారబోస్తున్నారు, బ్యానరు కట్టింది సిగ్గు కప్పుకోవడానికా అని అడిగాను. ఇంగ్లీషులో అడిగాను కాబట్టి అంత పదునుగా రాలేదేమో. ఆమె నవ్వుతూనే ఉంది.

చెయ్యి కడుక్కోడానికి కుళాయి దగ్గరికి వెళ్తే పార పట్టుకున్న ఒక మనిషి వచ్చాడు. పేరు మల్లేశం, జగిత్యాల, వర్క్ పర్మిట్ మీద వచ్చాడు. నా తిట్లు ఆసాంతం విన్నాడట.

"నారాజ్ కాకుండ్రి మేడం. గా కుప్ప ఇయ్యాల పోకపోతే జల్లెడ పట్టుడు నా మీదనే పడ్తది. నెలల రెండే ఆదివారాలు సెలవు. రేపు అండ్ల ఒకటి."

"అందులో ఏముందో తెలుసా నీకు?"

"తెల్వకేంది? పొద్దుగాల మైనాలు అచ్చి దావత్ చేస్కుంటయి," అని నవ్వాడు. "మీరు తీస్కపోండ్రి మేడం. మీ తోటల గూడ మైనాలుంటయిగా."

అతని ఆదివారం మీద నాకేం హక్కుంది? చేతులు తుడుచుకుని వెనక్కి వచ్చాను. అప్పటికే పద్మ టాన్ అంకుల్‌కి ఫోన్ కలిపేసింది. ఫోన్ నా చేతికిచ్చింది. పురుగు సంగతి మొత్తం చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"మిసెస్ రావు, పురుగుకి మందు కొడదాం. ఆదివారం వెనక్కి జరగదు కదా."

"కొబ్బరి చెట్లో?"

"అవి మన మడుల్లో లేవు కదా," అన్నాడు.

సంతకం నేను పెట్టనన్నాను. పద్మ పెట్టింది. పోనీలే, ఆమెకీ ఒక మడుంది. బ్యానరు ముందు ఫోటో తీశారు, పద్మ, మిస్ లిమ్, వాళ్ళ వెనక కుప్ప. నన్నూ రమ్మన్నారు. గొడుగు తెరిచి గేటు బయట నిలబడ్డాను. పదకొండున్నరకల్లా లారీ నిండింది, మమ్మల్ని దాటుకుని మెయిన్ రోడ్డెక్కింది. డ్రైవరు పక్కన కూర్చుంటే ఇద్దరం ఇంటికి చేరేవాళ్ళం. నేనే ఎక్కనన్నాను.

తిరుగు ప్రయాణం. క్రాంజీలో అదే హోటల్లో కూర్చున్నాం కానీ నాకు తినబుద్ధి కాలేదు. పద్మ నూడుల్సు తింది, డబ్బులు తనే ఇచ్చింది. రైలెక్కాం. లైను మారాక ఆమే మొదలెట్టింది.

"మీకు ప్రతిదాంట్లో పురుగే కనిపిస్తుంది ఆంటీ."

"ఉన్నచోట కనిపిస్తుంది."

"అవి పెద్దవై ఎగరడానికి ఎంత టైం పడుతుంది?"

ఆర్నెల్లన్నాను. పద్మ వేళ్ళ మీద లెక్కేసింది.

"మా ప్రాజెక్టు మార్చిలో అయిపోతది ఆంటీ. ఆర్నెల్లకి మేం సిడ్నీలో ఉంటమో, బెంగుళూర్లో ఉంటమో."

తప్పుగా ఏమీ అనలేదు పిల్ల. చల్లగా, రైలు టైమింగు చెప్పినట్టు చెప్పింది. ఆ బోగీలో మా చుట్టూ ఉన్న మన మొహాల్ని చూశాను. ఎవరి చేతిలో చూసినా ల్యాప్‌టాపు సంచే, అందరివీ ఆర్నెల్ల బతుకులే. వీళ్ళకి మడులెందుకు, పోటీలెందుకు అని అడగబోయాను. నా మడి మీద మాత్రం ఆ తుక్కు పడనివ్వనని చెప్పాను. అయితే మడి పోతుందంది. పోతే పోనీ అన్నాను. కిటికీ వైపు తిరిగాను.

మూడింటికి బెడోక్‌లో దిగి నడిచాం. లారీ మాకంటే రెండు గంటల ముందే వచ్చింది. లోపలికి దారి లేదని కుప్ప మొత్తం కొబ్బరి చెట్ల మొదట్లోనే దింపేసి పోయింది. తోటలో తిరనాళ్ళలా ఉంది. పిల్లలూ ముసలాళ్ళూ బకెట్లతో మోస్తున్నారు. నన్ను చూడగానే టాన్ అంకుల్ చప్పట్లు కొట్టాడు, మిగతావాళ్ళూ కొట్టారు.

మా పై అంతస్తు రోకియా, డెబ్భై ఏళ్ళ మలయ్ ముసలావిడ, నా చెయ్యి పట్టుకుని నా మడి దగ్గరికి తీసుకెళ్ళింది. వంగ మొక్కల చుట్టూ, కరివేపాకు మొదట్లో, అంగుళం ఖాళీ లేకుండా నల్లటి తుక్కు పరిచి ఉంది, అంచులు కూడా చదునుగా తట్టి. మా అందరి కోసం మండుటెండలో అంత దూరం వెళ్ళొచ్చావు కదా, అలసిపోయి ఉంటావు, అందుకని నీది ముందు చేసేశాం అంది. ఆమె మోకాళ్ళకి మట్టింకా ఆరలేదు.

నోరు తెరిచాను. పొద్దుటి నుంచి ఆ నోరు ఆగిందెక్కడ? ఆమె చీరకొంగులాంటి తలగుడ్డతో నుదురు తుడుచుకుంటూ నా ముఖంలోకి చూస్తోంది, బాగుందా అన్నట్టు.

"థాంక్యూ," అన్నాను. "చాలా బాగుంది."

అలా నా మడి నాకు మిగిలింది.